గొంతు దాటని టీ

మా ఇంట్లో నాకున్న విలువంతా నా అనుమానానిదే. గోదాములో కొత్త బస్తా దిగిందంటే, తెచ్చినవాడు ఎంత తియ్యగా మాట్లాడితే అంత లోతుగా చెయ్యి పెట్టి చూస్తాను. పైన మంచి ఆకు పరిచి, అడుగున పోయినేటి ఆకు కూరి తెచ్చేవాళ్ళని వాసనతోనే పట్టేసేదాన్ని. మా మామగారు వచ్చినవాళ్ళందరి ముందూ, "మా పెద్ద కోడలు ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుంది" అని మురిసిపోయేవారు. అదే మాట మేడ మీద గదిలో మా ఆయన అంటే మాత్రం అందులో మురిపెం ఉండేది కాదు.

మాది టీ కలిపే వ్యాపారం. రకరకాల తోటల ఆకు కొని, రుచి చూసి, దేన్ని దేంతో ఎంత కలిపితే ఏడాది పొడుగునా ఒకే రుచి నిలుస్తుందో తేల్చి, పొట్లాలు కట్టి అమ్ముతాం. కింద గోదాం, పొట్లాలు కట్టే హాలు, వెనక రుచి చూసే గది. పైన ఇల్లు. రుచి చూసే గదిలో పొడవాటి బల్ల మీద తెల్ల కప్పులు వరసగా ఉంటాయి. మేం నిలబడి ఒక్కో కప్పు దగ్గర చెంచాతో జుర్రుకుంటూ ముందుకు కదులుతాం. బల్ల చివర మామగారి కుర్చీ. అందులో ఉన్నవాళ్ళదే ఆఖరి మాట. ఆ ఏడు కొత్త ఆకు కాలం అయ్యేసరికి ఆ కుర్చీ నాకిచ్చేసి తను విశ్రాంతి తీసుకుంటానని మామగారు అన్నారు.

ఈ పని చేసేవాళ్ళందరూ రుచి చూసిన టీని పక్కనున్న తొట్టిలో ఉమ్మేస్తారు. మా మామగారు ఉమ్మరు. ప్రతి చెంచాలోనూ కొంచెం మింగి తీరాలంటారు. "నాలుక సగమే చెబుతుందమ్మా. గొంతు దిగాక వచ్చేదే అసలు రుచి" అని నాకు నేర్పింది ఆయనే. మా తోటికోడలు పెళ్ళికి ముందు వేరే కంపెనీలో పని చేసొచ్చిన మనిషి. ఆవిడ ఉమ్ముతుంది. మా మామగారి ఎదుటే, ఏ మొహమాటం లేకుండా ఉమ్ముతుంది. అందుకే నాలుక నాకంటే చురుకైనదైనా ఆవిడకి కుర్చీ రాదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆ కాలం మొదలైన వారంలోనే నాకు నొప్పి ముదిరింది.

అంతకుముందూ ఉండేది కానీ వచ్చి పోయేది. ఇప్పుడు పోవడం మానేసింది. బొడ్డు కింద ఎవరో నిప్పు పెట్టి ఊదుతున్నట్టుండేది. మూత్రాశయం కాస్త నిండితే చాలు, నిలబడలేను. వెళ్ళొస్తే కాసేపు తెరిపి, మళ్ళీ మొదలు. వెళ్ళేది గుక్కెడు నీళ్ళంత కూడా ఉండదు. బాత్రూం పెరటి చివర. అక్కడికి వెళ్ళాలంటే పొట్లాలు కట్టే హాలు దాటాలి. నేను వస్తుంటే అక్కడి ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు, నేను తలుపేసుకోగానే మళ్ళీ అందుకునేవాళ్ళు. ఈ వయసులో నెల తప్పానని ఒకావిడా, మామగారి మీద అలిగి లోపల కూర్చుంటున్నానని ఇంకొకావిడా అన్నారట. ఇవన్నీ నా చెవిన వేసింది మా ఆయన. ఆయనకెవరు చెప్పారని అడిగితే నీళ్ళు నమిలారు. అది కూడా మనసులో పెట్టుకున్నాను.

ఒకరోజు వరస మధ్యలో వదిలేసి వెళ్ళి తిరిగొచ్చేసరికి నా చోట్లో తోటికోడలు నిలబడి ఉంది. నా చెంచా బల్ల మీదే ఉంది, తన చెంచాతో నా కప్పులు చూస్తోంది.

"నువ్వెళ్ళి కూర్చో అక్కా, ఈ వరస నేను కానిస్తాలే" అంది.

"నా వరస నేను చూసుకోగలను."

"అలా వంగిపోయి నిలబడ్డావు, అందుకని అన్నాను."

"వంగితే వంగాను. కప్పులు వంగలేదు కదా."

మామగారు కుర్చీలోంచి ఇద్దర్నీ చూశారు. ఆయనకి నేను చెప్పింది కడుపునొప్పి అని మాత్రమే. మూత్రం సంగతులు మామగారితో ఎలా చెప్పుకుంటాం? పైగా చెబితే ఆ చెవిన విని ఈ చేత్తో కుర్చీ చిన్న కోడలికి రాసిచ్చేస్తారేమోనని నా భయం.

పాత డాక్టరు ప్రతిసారీ ఇన్ఫెక్షనే అన్నాడు. ఒక మందు అయ్యాక ఇంకోటి, అది అయ్యాక ఇంకా ఘాటైనది. వారంలో పరిగెడతావన్నాడు. పరిగెట్టాను, బాత్రూంకి. చివరికి మా ఆయన ఎవరినో కనుక్కుని ఈ జబ్బులే చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ మత్తిచ్చి, సన్నటి గొట్టంతో లోపల చూసింది. తర్వాత పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచింది.

"వీటిలో దేంట్లోనూ ఇన్ఫెక్షన్ లేదమ్మా" అంది.

"మరి ఆయన అన్ని మందులు ఎందుకు మింగించాడండీ?"

"లక్షణాలు అలాగే ఉంటాయి, చాలామంది పొరబడతారు. మీ మూత్రాశయం లోపలి పొర అక్కడక్కడా ఒరుసుకుపోయినట్టు ఎర్రగా ఉంది. అందుకే నిండుతుంటే నొప్పి, ఖాళీ అయితే ఉపశమనం. ఇది ఏళ్ళ తరబడి ఉండే జబ్బు."

"తగ్గుతుందా?"

"అదుపులోకి తెద్దాం. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను."

నాకు ఒళ్ళు మండింది. వారంలో తగ్గిస్తానన్నవాడు మోసగాడే కావచ్చు, అసలు తగ్గిస్తాననే అనని మనిషికి ఫీజు ఎందుకివ్వాలి? ఆవిడ నా మొహం చూడకుండా చెప్పుకుపోయింది. పడుకునే ముందు ఒక చిన్న మాత్ర. నొప్పి లేచినప్పుడు వేడినీళ్ళ సంచి. పొత్తికడుపు కింది కండరాలు బిగబట్టకుండా వదులు చేసుకునే వ్యాయామం. నొప్పి తక్కువున్న రోజుల్లో, వెళ్ళాలనిపించగానే పరిగెత్తకుండా కాస్త కాస్త ఆగడం. పులుపు, కారం, నిమ్మ, టమాటా, సోడాలు, కాఫీ, టీ బంద్. కొన్నాళ్ళయ్యాక ఒక్కొక్కటే తిరిగి తిని చూసి, ఏది పడట్లేదో తెలుసుకోవాలి.

"టీ తాగుతారా?"

"పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. మానేస్తాను."

"ఏం చేస్తుంటారు?"

"ఇంటి వ్యాపారమండీ."

అడిగినంతకే జవాబు చెప్పడం నా అలవాటు. ఆవిడ ఏ వ్యాపారమని అడగలేదు, నేను చెప్పలేదు.

మందుల షాపతను చీటీ చూసి, "ఇది మనసు బాగోలేనివాళ్ళకి ఇస్తారే" అన్నాడు. అంతే, నా అనుమానానికి ఆజ్యం పోసినట్టయింది. నాకు పిచ్చనుకుంటోందన్నమాట. దార్లో మా ఆయన్ని నిలేశాను. "మీరేమైనా చెప్పారా ఆవిడతో, నేను అనుమానప్పక్షినని?"

"నేను బయట బెంచీ మీద కూర్చున్నానే."

"బెంచీ దగ్గరికొచ్చి అడిగిందేమో."

ఆయన నడుస్తున్నవారల్లా ఆగి, "తల్లీ, ఆ మాత్ర ఇటియ్యి, నేనే వేసుకుంటాను" అన్నారు. తర్వాత ఫోన్ చేసి డాక్టరమ్మని అడిగితే, తక్కువ మోతాదులో అది నరాల నొప్పికి పని చేస్తుందని చెప్పింది. నమ్మీ నమ్మకుండా వేసుకున్నాను. నిద్రయితే బాగానే పట్టింది.

పథ్యం నిక్కచ్చిగా చేశాను. ఇంట్లో టీ కప్పు ముట్టలేదు. సాయంత్రం అందరూ కప్పులు పట్టుకుని కూర్చుంటే నేను గోరువెచ్చటి నీళ్ళు తాగాను. నా కూర నేనే విడిగా, చప్పగా, ఉప్పు మాత్రం వేసి వండుకున్నాను. అయినా మధ్యాహ్నమయ్యేసరికి నొప్పి మంటలా లేచేది. ఇంత చేస్తున్నా తగ్గలేదంటే ఎవరో ఏదో చేస్తున్నారని నాకు తేలిపోయింది. వంటింట్లోకి వచ్చేది ఎవరు? నేనూ, తోటికోడలూ. కుర్చీ కావాల్సింది ఎవరికి?

నా కూర గిన్నె అల్మారాలో పెట్టి, మూత మీద నా తల వెంట్రుక ఒకటి అడ్డంగా పరిచాను. కింద వరస చూసుకుని పైకొస్తే వెంట్రుక లేదు. మూత కూడా పక్కకి జరిగి ఉంది. మర్నాడూ అంతే. మూడోసారి కిందకి వెళ్ళినట్టే వెళ్ళి, మెట్ల మలుపు దగ్గరే నిలబడ్డాను. వంటింట్లో చప్పుడైంది. పిల్లిలా వెళ్ళి తలుపు తోశాను.

అల్మారా ముందు మామగారు. చేతిలో చెంచా, నోట్లో నా కూర.

"మామయ్యా."

ఆయన చెంచా వెనక్కి దాచుకున్నారు. "నేను తినలేదమ్మా. రుచి చూశానంతే. మరీ అంత చప్పగా ఎలా తింటున్నావోనని."

మా ఇంటి జబ్బే అది. పంచదార మానమని డాక్టరు చెప్పినా పొయ్యి మీదున్న ప్రతి తీపిలోనూ మామగారి చెంచా పడేది. ఎవరైనా అంటే, నేను తిన్నానా, రుచి చూశాను అనేవారు. ఆయన కొడుకులిద్దరిదీ అదే దారి. రుచి చూసింది లెక్కలోకి రాదని మా ఇంట్లో అందరం పెరుగు మీద మీగడంత సహజంగా నమ్ముతాం. కనక ఆయన్ని నేను ఏమీ అనలేదు. కూరలో ఏమీ కలపలేదని మాత్రం ఒట్టు పెట్టించుకున్నాను. ఆయన నవ్వాపుకుంటూ ఒట్టేశారు.

మామగారు కాదని తేలింది. ఇక మిగిలింది ఒక్కరే.

ఆ సాయంత్రం తోటికోడలు మేడ మీద బట్టలు తీస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నా తిండిలో ఏం కలుపుతున్నావు?"

ఆవిడ దుప్పటి మడత పెట్టడం ఆపలేదు. "నీ తిండి నాకెందుకు అక్కా? కుక్క కూడా ముట్టదు దాన్ని."

"నాకు నొప్పి తగ్గకపోతే లాభం ఎవరికి?"

"నాకే" అంది.

ఆవిడ దుప్పటి తీగ మీద వేసి నా వైపు తిరిగింది.

"చూడక్కా. కుర్చీ నాకు కావాలి. ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ కావాలి. నీకంటే నేను బాగా చూస్తాను, ఆ సంగతి నీకూ తెలుసు. కానీ నాకు కావాల్సింది కుర్చీ. నీ నొప్పి నేనేం చేసుకుంటాను?"

"మరి ఎందుకు తగ్గట్లేదు?"

"ఆదివారం నువ్వు బాగానే ఉంటున్నావు, గమనించావా? మేడ మీదే ఉంటావు, కిందకి దిగవు. సోమవారం మొదటి వరస అయ్యాక మొదలవుతుంది."

"నా మీద కాపలా కాస్తున్నావా?"

"నువ్వు నా మీద కాయట్లేదా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "టీ మానేశానంటావు. రోజూ అన్ని కప్పులు చూస్తున్నావు. ప్రతి చెంచాలోనూ మింగుతున్నావు. అదంతా ఎక్కడికి పోతోందనుకున్నావు?" అంది.

"అది తాగడం కాదు. పని."

నోట్లోంచి మాట వచ్చేశాక నాకే అది మామగారి మాటలా వినిపించింది. మూతి తిప్పుకుని మెట్ల వైపు వచ్చేశాను. నిజంగానే నాకు ఆ ఆలోచన రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. ఇన్నేళ్ళలో నేను మింగిన చెంచాలు ఎవరైనా టీ అని లెక్కేస్తారని నాకు తట్టలేదు.

మెట్లు దిగేలోపే రెండో అనుమానం లేచింది. ఈ సలహా ఎవరిస్తున్నారు? నేను మింగడం మానేస్తే ఎవరికి లాభం? మింగనివాళ్ళకి కుర్చీ లేదు. నొప్పి పేరు చెప్పి నన్ను ఉమ్మించి, ఆ తర్వాత మామగారి చెవిలో ఊదితే సరి, నొప్పి ఎక్కడేసిన గొంగళిలా అక్కడే ఉంటుంది, కుర్చీ మాత్రం చేతులు మారుతుంది. ఇంత తెలివిగా నన్ను బుట్టలో వేస్తుందా?

అందుకే ఒంటరిగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా వ్యాపారమేమిటో అప్పుడు చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం కింద పెట్టింది.

"రోజంతా రుచి చూస్తారా?"

"పొద్దునొక వరస, మధ్యాహ్నం ఒక వరస. కొత్త ఆకు వచ్చే రోజుల్లో ఇంకా ఎక్కువ."

"మింగుతారా?"

"కొంచెం."

"టీ తాగనన్నారు కదమ్మా."

"తాగనండీ. అది పని."

ఆవిడకి నవ్వొచ్చిందేమో, తల వంచుకుంది. "మీ మూత్రాశయానికి అది పనని తెలీదు" అంది. తర్వాత మెల్లగా, "అదొక్కటే కారణమని నేననను. అందరికీ టీ పడకపోవాలని లేదు కూడా. మీకు పడుతుందో లేదో తేల్చుకునే దారి ఒక్కటే. కొన్నాళ్ళు ఒక్క చుక్క కూడా గొంతు దిగకుండా చూడండి" అంది.

"మా తోటికోడలు మిమ్మల్ని కలిసిందా?" అని అడిగాను.

"ఎవరావిడ?"

ఆ మొహం అబద్ధమాడుతున్న మొహంలా లేదు. అయినా బయటికొచ్చాక రిసెప్షన్ అమ్మాయిని కూడా అడిగాను.

తేల్చుకోవడం నాకు చేతనైన పనే. ఆకునైనా మనిషినైనా పరీక్షించందే నేను నమ్మను. కాకపోతే ఈ పరీక్ష ఎవరికీ తెలియకుండా జరగాలి. కుర్చీ చేతికొచ్చే కాలం ఇది. పెద్ద పెద్ద హోటళ్ళకి టీ కొనే ఆఫీసరు కాలం చివర్లో వచ్చి ఏడాది సరుకుకి ఒప్పుకుని వెళ్తాడు, ఆ రోజు నన్ను కుర్చీలో కూర్చోబెడతానని మామగారు చెప్పేశారు. అంతవరకు నెట్టుకురావాలి. అందుకని బల్ల దగ్గరికి ఒక పొడవాటి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. డాక్టరు నీళ్ళు తాగమన్నారని చెప్పాను. జుర్రుకున్న టీని నాలుక మీద తిప్పి, గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నట్టే దాంట్లోకి వదిలేసేదాన్ని. నిండగానే నీళ్ళు పట్టుకొస్తానని వెళ్ళి సింకులో పారబోసేదాన్ని. పోయినేటి ఆకుని అడుగున దాచి తెచ్చేవాళ్ళకీ నాకూ పెద్ద తేడా లేదనిపించింది. అయినా చెయ్యి ఆగలేదు.

మొదట్లో రుచి తెలియక కళ్ళకి గంతలు కట్టినట్టుండేది. ప్రతి టీ సగంలో తెగిపోయేది. మెల్లగా నాలుకే అంతా చెప్పడం మొదలుపెట్టింది. ఒకటి రెండు రకాల ఆకులకి మాత్రం గొంతు లేని లోటు తెలిసేది. అప్పుడు నేను తలూపి, ఎవరేమంటారో విని, ఆ తర్వాత నా మాట చెప్పేదాన్ని.

నొప్పి ఒక్కసారిగా పోలేదు. మొదటి వారం తేడా లేదు, తోటికోడలు నన్ను ముంచేసిందనే అనుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం వరస పూర్తయ్యాక నొప్పి ఉందని గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. ఉంది, కానీ తగ్గి ఉంది. వ్యాయామాలు చేశాను, మాత్ర వేసుకున్నాను, వేడినీళ్ళ సంచి పెట్టుకున్నాను. ఏది ఎంత పని చేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఇప్పటికీ కొన్ని రోజులు చెడ్డ రోజులే. కానీ ఆ కొన్ని వారాల్లో బాత్రూంకి నేను నడిచి వెళ్ళడం మొదలుపెట్టాను. అప్పటిదాకా పరుగే. హాల్లో ఆడవాళ్ళు కొత్త కబురేదో వెతుక్కుని ఉంటారు. సంతోషం వేసింది. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఒక్కటే కష్టం. తోటికోడలికి అసలే చెప్పలేదు. తను చూస్తోందని తెలుసు. గ్లాసు వంకా చూస్తోంది, నా వంకా చూస్తోంది. మామగారికి ఎప్పుడు చెబుతుందా అని రోజూ ఎదురుచూశాను. చెప్పలేదు. ఎందుకు చెప్పడం లేదో అర్థం కాక ఇంకా భయం వేసింది.

ఆఫీసరు వచ్చే రోజు మామగారు దగ్గరుండి కుర్చీ తుడిపించారు. "కూర్చోమ్మా" అన్నారు. ఆయన నా పక్కన స్టూలు వేసుకున్నారు. అటు పక్కన ఆఫీసరు. తోటికోడలు నిలబడి కప్పులు అందిస్తోంది. కుర్చీలో ఉన్నవాళ్ళు లేవక్కర్లేదు, కప్పులే దగ్గరికొస్తాయి. బల్ల అంతా కనిపించింది నాకు అక్కణ్ణుంచి. ఇన్నేళ్ళు ఆ చివర నిలబడి ఈ చివరకి చూశాను. నా గుండె నిండిపోయింది.

నాలుగైదు కప్పులు చూశాను. ప్రతిదానికీ చెంచా, ఆ తర్వాత గ్లాసు. ఆఫీసరు తలూపుతూ తన మాట తను చెబుతున్నాడు. ఇంకో కప్పు చూసి గ్లాసు దించుతుంటే మామగారు చెయ్యి చాపారు.

"ఆ నీళ్ళు ఇలా ఇయ్యమ్మా. గొంతారిపోతోంది."

నా చెయ్యి గ్లాసు మీద అలాగే ఉండిపోయింది. ఆయన చెయ్యి చాపినది చాపినట్టే ఉంచారు. ఆయన కళ్ళు గ్లాసు మీద లేవు. నా గొంతు మీద ఉన్నాయి. అప్పుడర్థమైంది. ముప్పొద్దులా నా గొంతు కదలడం చూస్తూ నాకు పని నేర్పిన మనిషి. అది కదలకపోతే ఆయనకి తెలియదా?

"వేరే నీళ్ళు తెప్పిస్తాను మామయ్యా."

"ఎప్పట్నుంచి?" అన్నారు, గొంతు పెంచకుండా.

"కొన్ని వారాలుగా. నాది కడుపునొప్పి కాదు మామయ్యా. మూత్రాశయం జబ్బు. మింగితే నొప్పి లేస్తోంది." ఆఫీసరు ముందు, ఆ మాట. చెప్పాక సిగ్గనిపించలేదు. ముందే ఎందుకు చెప్పలేదా అనిపించింది.

మామగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అమ్మాయ్, నువ్వొచ్చి కూర్చో" అని తోటికోడలిని పిలిచారు.

నేను లేచాను. లేస్తూ ఉండబట్టలేక అనేశాను. "తనూ ఉమ్ముతుంది కదా మామయ్యా."

"నా ఎదుట ఉమ్ముతుంది" అన్నారు. తర్వాత, నాకు మాత్రమే వినబడేలా, "జబ్బైతే చెప్పుకోకూడదామ్మా? నన్ను కూడా బస్తాలు తెచ్చేవాళ్ళ లెక్కలోనే వేశావా?" అన్నారు.

తోటికోడలు వచ్చి కుర్చీలో కూర్చుంది. నా మొహంలోకి చూడలేదు. సంతోషం దాచుకోవడానికి ప్రయత్నించింది, కానీ దాగలేదు. నా అనుమానం నిజమే. ఆవిడ చెప్పిందీ నిజమే. రెండూ ఎలా నిజమవుతాయో తెలియక నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ గదిలోంచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ బల్ల మీద కప్పులు సగం అలాగే ఉన్నాయి. చల్లారిపోతే పాడవుతాయి.

ఉమ్మే తొట్టిని కాలితో దగ్గరికి లాక్కుని, బల్ల ఆ చివర నా పాత చోట్లో నిలబడ్డాను. చెంచా ముంచి జుర్రి, అందరి ముందూ ఉమ్మాను. మామగారు తల తిప్పుకున్నారు. రెండో కప్పుకి తిప్పుకోలేదు. ఒక కప్పు దగ్గర తోటికోడలు బాగుందంది, నేను పాత ఆకు కలిసిందన్నాను. మామగారు లేచొచ్చి చూసి, మింగి, నాదే నిజమన్నారు. ఇంకో దాని దగ్గర ఆవిడదే నిజమైంది. అలా వరస సాగింది. ఆ తర్వాత రెండో వరస పెట్టారు. ఆఫీసరు రాసుకుంటూనే ఉన్నాడు.

అంతా అయ్యాక, ఆఫీసరుని సాగనంపడానికి మామగారూ, తోటికోడలూ బయటికి వెళ్ళారు. నేను కప్పులు బోర్లిస్తున్నాను. మా ఆయన ఆయాసపడుతూ గదిలోకి వచ్చారు. హాల్లో ఎవరో చెప్పి ఉంటారు, కుర్చీ పోయిందని.

"ఎక్కడికెళ్ళావే? నీకోసం పెరట్లో బాత్రూం దగ్గర నిలబడి నిలబడి వచ్చాను. ఎంతసేపటికీ రావు. తలుపు కొట్టి చూశాను కూడా."

"నేనెక్కడికీ వెళ్ళలేదండీ" అన్నాను. అన్నాకే నాకు తెలిసింది. "పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాను."